లిమాలో సంసారం, బజారు: ముందు ఒక కసేరాను వెతుక్కోండి

మీ ప్రశ్న చదివాను. మీ వారికి పెరూ రాజధాని లిమాలో గనుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, నాలుగేళ్ళ పాపతో వెళ్తున్నారు, స్పానిష్ ఒక్క ముక్క రాదు, మీరు శాకాహారం. మన సరుకులు దొరుకుతాయా, బజారుకు ఒక్కదాన్నే వెళ్ళగలనా, దొంగల భయం ఉందా, కుక్కరూ మిక్సీ మోసుకెళ్ళాలా అని అడిగారు. మాది గుడివాడ దగ్గర. తొమ్మిదేళ్ళుగా లిమాలోనే, హెసుస్ మరియా అనే పేటలో కాపురం ఉంటున్నాను. వచ్చిన కొత్తలో నాకూ ఇవే ప్రశ్నలు, చెప్పేవాళ్ళు మాత్రం లేరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. దిగిన వారంలోనే మీ ఇంటికి నడిచి వెళ్ళగలిగే దూరంలో మెర్కాదో ఎక్కడుందో కనుక్కోండి. మెర్కాదో అంటే పైకప్పు ఉన్న పేట బజారు, మన రైతుబజారులా వరసగా గట్లు, గట్టుకో మనిషి. అందులో కూరగాయలమ్మే ఒకావిడను ఎంచుకుని ప్రతిసారీ ఆవిడ దగ్గరే కొనండి. రెండు మూడు వారాలకు ఆవిడ మిమ్మల్ని ‘కసేరా’ అని పిలుస్తుంది, ముద్దుగా ‘కసెరీతా’ అంటుంది. మీరూ ఆవిడను అలాగే పిలవాలి. ఈ మాట అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ ఒకటే. మగవాళ్ళైతే కసేరో. మన వాడిక పాలవాడు, వాడిక కూరగాయల అమ్మి అంటామే, ఆ సంబంధమే ఇది, కాకపోతే ఇక్కడ పిలుపు ఇద్దరిదీ.

నేను మొదటి ఆరు నెలలూ సూపర్ మార్కెట్‌లోనే కొన్నాను. ప్లాజా వేయా, వాంగ్, మెట్రో, తొత్తుస్ లాంటివి ప్రతి పేటలో ఉన్నాయి. ధర అట్ట మీద ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడే పని లేదు, కార్డు గీకి వచ్చేయొచ్చు. సుఖమే కానీ ఆరు నెలల తర్వాత చూసుకుంటే నాకు స్పానిష్ రాలేదు, తెలిసిన మనిషి లేదు, కూరగాయలకు ఎక్కువ డబ్బు పోసినట్టూ తేలింది. మెర్కాదోకు వెళ్ళడం మొదలుపెట్టాక అంకెలు పది రోజుల్లో వచ్చాయి. కూరగాయల పేర్లు నెలలో వచ్చాయి. నాకు జ్వరమొచ్చి వారం కనిపించకపోతే ‘ఏమైపోయావు’ అని అడిగిన మొదటి మనిషి ఈ ఊళ్ళో మా కూరగాయల కసేరాయే.

ఇంకో మాట నేర్చుకోండి: యాపా. అచ్చంగా మన కొసరు. కిలో టమాటాలు తూచాక పైన ఒకటి వేస్తుంది చూడండి, అది యాపా. క్వెచువా అనే ఇక్కడి కొండల ఆదివాసుల భాష నుంచి వచ్చిన మాట. కొసరు అడగడం ఇక్కడ తప్పు కాదు, చిన్నతనమూ కాదు. ‘మీ యాపా, కసెరీతా’ అంటే నవ్వుతూ గుప్పెడు కొత్తిమీర వేస్తారు. బజారులో పళ్ళరసం తీసే గట్ల దగ్గర గ్లాసు నింపి ఇచ్చాక మిక్సీలో మిగిలింది కూడా మీదే, గ్లాసు కాస్త ఖాళీ కాగానే వచ్చి పోస్తారు. అదీ యాపాయే. కూరగాయలకు గీసి గీసి బేరమాడరు. ఇంటి దగ్గర మనం పావలా తగ్గించమని నిలబడతాం, ఇక్కడ ధర తగ్గించమనే బదులు కొసరు అడుగుతారు. అమ్మేవాళ్ళ మర్యాదా నిలుస్తుంది, మనకూ దక్కుతుంది. నాకు ఈ ఊళ్ళో బాగా నచ్చిన విషయం ఇదే.

భాష రాదని భయపడకండి. వెళ్ళగానే ‘బువేనోస్ దియాస్’ అనాలి. పలకరింపు లేకుండా నేరుగా ధర అడిగితే మొహం ముడుచుకుంటారు. తర్వాత ‘అ కోమో ఎల్ కిలో’ అంటే కిలో ఎంత అని. అర కిలోకు మేదియో, పావుకు క్వార్తో. పెద్దావిడైతే సెన్యోరా. ఈ నాలుగు మాటలతో మొదటి వారం గడిచిపోతుంది.

ఇక సరుకులు. మీరు అనుకుంటున్నదానికంటే చాలా ఎక్కువ దొరుకుతాయి, పేరు తెలియాలి అంతే. పప్పులన్నిటినీ కలిపి మెనెస్త్రాస్ అంటారు, బజారులో బస్తాలు తెరిచి పెట్టి ఉంటాయి. ఫ్రిహోల్ కస్తీయా అంటే మన బొబ్బర్లు, అలసందలు. ఫ్రిహోల్ లొక్తావో అంటే పెసలు. గర్బాన్సో అంటే కాబూలీ శనగలు. అర్వేహా పర్తీదా అంటే బద్దలు చేసిన బఠాణీ పప్పు. లెంతేహా మన మసూరుకు అన్న, పొట్టుతో ఉంటుంది. సోమవారం లెంతేహా తింటే వారమంతా డబ్బుకు లోటుండదని ఇక్కడివాళ్ళ నమ్మకం, అందుకే సోమవారాలు చాలా హోటళ్ళలో పప్పూ అన్నమూ ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫ్రిహోల్ దే పాలో. అవి కందులే! ఉత్తరాన కోస్తా జిల్లాల్లో పండిస్తారు. అన్ని గట్ల మీదా ఉండవు, ఉన్నా బద్దలు కావు, పొట్టుతో గింజలు. రాత్రి నానబెట్టి కుక్కర్‌లో ఉడికిస్తే పప్పవుతుంది. పొట్టు వద్దనుకుంటే కొంచెం వేయించి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి చెరగండి. మొదటిసారి ఆ గింజలు గుర్తుపట్టి నేను బజారులోనే ఏడ్చాను. మా కసేరాకు అర్థం కాక కుర్చీ వేసి కూర్చోబెట్టి, నీళ్ళిచ్చింది.

బియ్యం గురించి దిగులే వద్దు. పెరూ వాళ్ళు మనలాగే రోజూ అన్నం తింటారు. సంచి మీద ‘అన్యేహో’ అని ఉందేమో చూడండి, అంటే పాత బియ్యం. పొడిపొడిగా వస్తుంది. మామూలు బియ్యం కిలో నాలుగైదు సోల్‌లు. ఒక సోల్ అంటే సుమారు 25 రూపాయలనుకోండి. పులిహోరకు పసుపు కావాలంటే పలీయో అని అడగాలి, కొమ్ములూ దొరుకుతాయి. జీలకర్ర కొమీనో, కొత్తిమీర కులాంత్రో, పుదీనా యెర్బా బువేనా, చింతపండు తమరీందో. నిమ్మకాయలు మన ఊరి నిమ్మకాయల్లాగే చిన్నవి, పుల్లనివి. సెవీచే అనే పచ్చి చేప వంటకం నిలబడేదే ఆ రసం మీద. అందుకే నిమ్మకాయ ధర ఇక్కడ ఇంటింటి కబురు. 2023లో యాకూ తుఫాను, సముద్రం వేడెక్కడం వల్ల ఉత్తరాన పియురా తోటలు దెబ్బతిని ధర ఎన్నో రెట్లు పెరిగింది, నిమ్మకాయలు లెక్కపెట్టి కొన్నాం.

కారం తినేవాళ్ళకు ఇది మంచి ఊరు. అహీ అమరీయో అని పొడుగ్గా నారింజ రంగులో ఉండే మిరపకాయ, మంచి వాసన, మధ్యస్థంగా కారం. రొకోతో మాత్రం చూడ్డానికి చిన్న క్యాప్సికంలా ఎర్రగా బొద్దుగా ఉంటుంది, లోపల నల్ల గింజలు. మోసపోయి కూర వండేరు, నోరు మండిపోతుంది. దాన్ని నూనెలో మగ్గించి చింతపండు, వెల్లుల్లి వేసి నూరితే పండుమిరప పచ్చడికి దగ్గరగా వస్తుంది. అహీ పాన్కా అనే ఎండుమిరప రంగిస్తుంది కానీ కారం తక్కువ. కాబట్టి గుంటూరు కారం ఒక రెండు కిలోలు తెచ్చుకోండి.

ఆవకాయ పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోవచ్చు, కానీ జనవరిలో. ఇక్కడ వేసవి డిసెంబర్ నుంచి మార్చి దాకా, పియురా మామిడి అప్పుడే వస్తుంది. పచ్చికాయ ఎవరూ కొనరు కాబట్టి గట్టు మీద ఉండదు. మా పళ్ళ కసేరాకు ముందే చెప్తే, సాంతా అనీతాలో ఉన్న పెద్ద హోల్‌సేల్ మార్కెట్ నుంచి గట్టి కాయలు ఏరి తెస్తుంది. మసాలా దినుసుల గట్ల దగ్గర ఆవాలు దొరుకుతాయి. నూనె దగ్గర జాగ్రత్త. చైనా బజారులో నువ్వుల నూనె అని అమ్మేది వేయించిన నువ్వులది, ఆ వాసన ఆవకాయకు సరిపడదు. నేను ఒక జాడీ అలా పాడు చేసుకున్నాను. ఇంటి నుంచి పప్పునూనె తెచ్చుకోండి, లేకపోతే పొద్దుతిరుగుడు నూనెతో పెట్టండి.

దొరకనివి కూడా చెప్పాలి. మినప్పప్పు, ఇంగువ, కరివేపాకు, గోంగూర నాకు ఏ మెర్కాదోలోనూ కనిపించలేదు. మినప్పప్పు, ఇంగువ కంపెనీ ప్యాకెట్లలోనే తెచ్చుకుని, విమానాశ్రయంలో డిక్లరేషన్‌లో తప్పకుండా రాయండి. సెనాసా అనే వ్యవసాయ తనిఖీ సంస్థవాళ్ళు చూస్తారు. పచ్చి ఆకులు, మొక్కలు, నాటే విత్తనాలు తేవద్దు, తీసేసుకుంటారు. పెరుగు కొనేటప్పుడు ‘నతురాల్, సిన్ అసూకర్’ అని చూసుకోండి, కొట్లలో పెట్టేవాటిలో ఎక్కువ భాగం చక్కెర వేసినవే. కేసో ఫ్రెస్కో మన పనీర్‌కు దగ్గర, కాస్త ఉప్పగా ఉంటుంది.

బంగాళాదుంప గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. అది పుట్టిన దేశమిది. మూడు వేలకు పైగా రకాలున్నాయి. అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధన కేంద్రం కూడా లిమాలోనే, లా మొలీనా పేటలో 1971 నుంచి ఉంది. బజారులో ‘ఒక కిలో ఆలూ’ అంటే ‘దేనికి’ అని అడుగుతారు. పాపా అమరీయా అనే పసుపు దుంప ఉడికితే పిండిలా విడిపోతుంది, పూరీ కూరకు అమృతం. వేపుడుకు అది పనికిరాదు, యుంగాయ్ గానీ కన్చాన్ గానీ అడగండి. చిరిమోయా అని మన సీతాఫలం చుట్టం ఒకటుంది, గింజలు తక్కువ, గుజ్జు ఎక్కువ. పాపకు పెట్టి చూడండి.

బయట తినే విషయంలో శాకాహారులకు కొంచెం కష్టం. మధ్యాహ్నం చిన్న హోటళ్ళన్నిటిలో ‘మెనూ’ అని ఉంటుంది, ముందు సూపో సలాడో, తర్వాత అన్నంతో కూర, తాగడానికి ఊదా మొక్కజొన్నతో చేసిన చీచా మొరాదా. పేటను బట్టి 12 నుంచి 20 సోల్‌లు. ‘మాంసం లేకుండా’ అంటే కోడి వేసి తెస్తారు, ఎందుకంటే మాంసానికి వాళ్ళ మాట కార్నే, వాళ్ళ లెక్కలో అది గొడ్డుమాంసమే. కోడి వద్దు, చేప వద్దు, కోడి ఉడికించిన నీళ్ళు కూడా వద్దు అని విడివిడిగా చెప్పాలి. చీఫా అనే చైనీస్ హోటళ్ళలో కూరగాయల చౌఫా, అంటే ఫ్రైడ్ రైస్, నిమిషాల్లో చేసిస్తారు. పొద్దున రోడ్డు మీద బండ్ల దగ్గర వేడి వేడి కీనువా (క్వినోవా) జావ గ్లాసులో పోసి, అవకాడో పెట్టిన రొట్టె ఇస్తారు. శాకాహారికి ఈ ఊళ్ళో అంతకు మించిన టిఫిన్ లేదు. మీవారు మాంసాహారం తింటారన్నారు కాబట్టి ఆయనకు చెప్పండి, సెవీచే మధ్యాహ్నం తినేది. మంచి హోటళ్ళు సాయంత్రానికే మూసేస్తారు.

పెద్ద బజార్ల సంగతి. హైదరాబాద్‌లో బేగంబజార్, కోఠి, సుల్తాన్‌బజార్ తిరిగినవాళ్ళకు లిమా నడిమి ఊరు కొత్తగా అనిపించదు. ఏ వీధి సరుకు ఆ వీధిదే. కంప్యూటర్లకు విల్సన్ అని పిలిచే అవెన్యూ, ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పరూరో వీధి, పనిముట్లకు లాస్ మల్వీనాస్, చైనా సామాన్లకు సెంట్రల్ మార్కెట్ పక్కన కపోన్ వీధి. చెక్క సామాను చేయించుకోవాలంటే దక్షిణాన వీయా ఎల్ సల్వదోర్ వెళ్ళాలి. మాల్స్ ఎక్కడైనా ఒకటే. మిరాఫ్లోరెస్‌లో సముద్రపు కొండ అంచున కట్టిన లార్కోమార్ మాత్రం ఒకసారి సూర్యాస్తమయానికి చూడండి.

బట్టలకు గమర్రా. లా విక్తోరియా పేటలో వీధుల కొద్దీ, అంతస్తుల కొద్దీ దుకాణాలు. మెట్రో రైలు మొదటి లైన్‌లో గమర్రా అనే స్టేషనే ఉంది. అక్కడి కిటుకు ఇది: ఒకటి కొంటే ఒక ధర, మూడు కొంటే హోల్‌సేల్ ధర. మూడంటే పావు డజను. మూడు ఒకే సైజు కానక్కర్లేదని చాలామంది ఒప్పుకుంటారు, అడగండి. పెరూ పీమా పత్తి ప్రపంచంలో పేరున్నది, పిల్లల బట్టలకు చాలా మెత్తగా ఉంటుంది. ఉదయం పదికల్లా వెళ్ళి మధ్యాహ్నానికి బయటపడండి. సంచి ముందువైపు వేసుకోవాలి, ఫోన్ బయటికి తీయకూడదు. బడులు మార్చిలో తెరుస్తారు, ఫిబ్రవరిలోనే చేంతాడంత సామాన్ల జాబితా ఇస్తారు. పుస్తకాలు, రంగులు నడిమి ఊళ్ళో మేసా రెదోందా అనే బజారు చుట్టుపక్కల చౌక. కానీ క్రిస్మస్ ముందు రోజుల్లో పాపతో ఆ వైపు వెళ్ళకండి. ఇరుకు సందుల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. 2001 డిసెంబర్ 29న అక్కడ టపాసుల వల్ల మంటలు రేగి వందల మంది చనిపోయారు.

డబ్బు విషయం. యాపే, ప్లిన్ అనే ఫోన్ చెల్లింపులు మన ఫోన్‌పే లాగే. కూరగాయల గట్టు మీద కూడా క్యూఆర్ కాగితం అంటించి ఉంటుంది. విదేశీయుల గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా వచ్చేదాకా నగదే. వంద, రెండు వందల నోట్లు బజారుకు తీసుకెళ్ళొద్దు, చిల్లర లేదంటారు. నోటు తీసుకోగానే వెలుతురుకు ఎత్తి, వేలితో తడిమి చూడటం ఇక్కడ అందరి అలవాటు, అవమానం కాదు. దొంగనోట్లు ఎక్కువ కాబట్టి మీరూ అలాగే చూడండి. కొట్లో ‘బొలేతా ఓ ఫక్తూరా’ అని అడిగితే బొలేతా అనండి, మామూలు రసీదు. రాసిన ధరలో 18 శాతం పన్ను కలిసే ఉంటుంది.

తిరగడానికి మెట్రోపొలితానో బస్సులు, మెట్రో రైలు మంచివి. కోంబీలు అనే చిన్న వ్యాన్లు మన సెట్విన్ బస్సుల్లాంటివి. తలుపులో వేలాడుతూ కండక్టర్ రూటు అరుస్తాడు, ‘వెనక చోటుంది’ అని తోస్తాడు. దిగేటప్పుడు ‘పియే దెరేచో’ అంటాడు, కుడికాలు ముందు పెట్టమని. బండి పూర్తిగా ఆగదు కాబట్టి ఆ మాట వినండి. పాపతో ఉన్నప్పుడు కోంబీ వద్దు. వీధి టాక్సీలకు మీటర్ ఉండదు, ఎక్కకముందే ధర మాట్లాడాలి. యాప్‌లో పిలిపించుకోవడం మేలు. ఊరి శివార్లలో మన బజాజ్ ఆటోలే తిరుగుతుంటాయి, మోతోటాక్సీ అంటారు. మొదటిసారి చూసినప్పుడు మీ పాప కేరింతలు కొడుతుంది.

భయం గురించి అడిగారు. పగలు బజారుకు ఒక్కదాన్నే వెళ్తాను, తొమ్మిదేళ్ళలో మనిషికి హాని జరగలేదు. ఫోన్ మాత్రం పోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాట్లాడుతుంటే బయటి నుంచి చెయ్యి వచ్చి లాక్కుపోయింది. రోడ్డు మీద నిలబడి మ్యాప్ చూడొద్దు, ఏదైనా కొట్లోకి వెళ్ళి చూసుకోండి. మెళ్ళో బంగారం ఇంట్లో ఉంచండి. మంగళసూత్రం నేను నల్లపూసల దండకు మార్చుకున్నాను, ఈ విషయంలో మొహమాటం పెట్టుకోకండి. పోలీసుల నంబర్ 105. భూమి కంపించడం ఇక్కడ మామూలే. గోడల మీద ఆకుపచ్చ ‘ఎస్’ గుర్తు ఉన్న చోటు సురక్షితమని అర్థం, మీ అపార్ట్‌మెంట్‌లో అది ఎక్కడుందో పాపకు మొదటిరోజే చూపించండి.

వాతావరణం ఎవరూ చెప్పరు కానీ ఇల్లాలికి అదే పెద్ద సమస్య. లిమా ఎడారి ఒడ్డున ఉంది, వాన దాదాపు పడదు. కానీ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సూర్యుడు కనబడడు. ఆ ఆకాశాన్ని ఇక్కడివాళ్ళు గాడిద పొట్ట అంటారు, అదే రంగు. గరువా అనే సన్నటి తుంపర గాలిలోనే ఉంటుంది. బట్టలు మూడు రోజులైనా ఆరవు, ఉప్పు నీరు కారుతుంది, బీరువాలో చెప్పులకు బూజు పడుతుంది. అద్దె ఇల్లు చూసేటప్పుడు గది ఎంత పెద్దదో చూసే ముందు గోడ మూలలు, బీరువాల లోపల వాసన చూడండి. బూజు వాసన వస్తే వద్దనండి, పాపకు దగ్గు పట్టుకుంటుంది. వడియాలు, అప్పడాలు ఫిబ్రవరిలోనే పెట్టేసుకోవాలి. పొడులన్నీ గాజు సీసాల్లో గట్టి మూతలతో ఉంచాలి. కుళాయి నీళ్ళు కాచకుండా తాగొద్దు.

చివరిగా కుక్కరూ మిక్సీ. ఇక్కడ కరెంటు 220 వోల్టులు, 60 హెర్ట్జ్. మన మిక్సీ హాయిగా పనిచేస్తుంది, ప్లగ్ మాత్రం వేరు కాబట్టి మూడు పిన్నుల నుంచి రెండు పిన్నులకు మార్చేవి నాలుగు తెచ్చుకోండి. గ్రైండర్ వద్దు, బరువు. మినప్పప్పు కూడా మీరు తెచ్చుకున్నంతే కాబట్టి మిక్సీలో రుబ్బుకోవచ్చు. కుక్కర్ ఇక్కడా దొరుకుతుంది కానీ తీరు వేరు, మన చేతికి అలవాటైన మూడు లీటర్లది ఒకటి తెచ్చుకోండి, దానికి రబ్బరు గాస్కెట్లు మూడు, సేఫ్టీ వాల్వులు రెండు అదనంగా. నాది రెండో ఏడే పాడైతే ఆ సైజు గాస్కెట్ లిమా అంతా తిరిగినా దొరకలేదు, గుడివాడ నుంచి మా తమ్ముడు పంపేదాకా గిన్నెలోనే కందులు ఉడికించాను.